నలభై ఐదు సెకన్లు

ప్రయూన్ అబద్ధమాడే మనిషి కాడు. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. అందరికంటే బాగా ప్రయూన్‌కి తెలుసు.

ఇరవై ఆరేళ్ళుగా స్కూలు వ్యాను నడుపుతున్నాడు. బడి గేటు దగ్గర పిల్లలు దిగిపోయాక ఇంజను ఆపి, పక్క తలుపు తీసి, వంగి చివరి సీటు దాకా వెళ్ళి, సీట్ల కింద కూడా చెయ్యి పెట్టి తడిమి చూస్తాడు. వ్యానులో నిద్రపోయి ఉండిపోయిన పిల్లల సంగతి పేపర్లో చదవని డ్రైవరు లేడు. కానీ మిగతావాళ్ళు తలుపులోంచి తొంగి చూసి తృప్తి పడతారు. ప్రయూన్ కళ్ళని నమ్మడు, చేతిని నమ్ముతాడు. చెయ్యి కాకుండా ఆయన నమ్మే వస్తువు ఇంకొకటుంది. అది తన వ్యానులో స్టీరింగు వెనకున్న స్పీడు మీటరు. పెద్ద రోడ్డెక్కాక ముల్లు ఎనభై మీదకొచ్చి నిలబడిందంటే, బడి మలుపు దాకా ఆ అంకె మీద ఈగ వాలినట్టు అలాగే ఉండాల్సిందే.

ఆ మంగళవారం పొద్దున ముల్లు ఎనభై మీద ఉండగానే బియ్యం మిల్లు ముందు కొత్త బోర్డు కనిపించింది. రోడ్ల శాఖవాళ్ళు రాత్రికి రాత్రే పాతినట్టున్నారు. వచ్చే బండి వేగమెంతో పెద్ద పెద్ద అంకెల్లో వెలిగి చూపించే బోర్డు. ప్రయూన్ దాన్ని చూసి నవ్వుకున్నాడు. దాని మీద ఎనభై అని వెలగడం కోసం కాస్త ఆశగానే చూశాడు.

డెబ్భై మూడు అని వెలిగింది.

ఒకసారి మీటరు చూశాడు, మళ్ళీ బోర్డు చూశాడు. ఇంతలో బోర్డు వెనక్కి పోయింది.

"తాతా, ఇవాళ నెమ్మదిగా వెళ్తున్నామా?" అంది ముందు సీట్లో కూర్చున్న రెండో తరగతి పిల్ల.

"లేదమ్మా. ఎప్పటిలాగే వెళ్తున్నాం."

గేటు పక్క కాఫీ బండి దగ్గర డ్రైవర్లందరూ చేరారు. ప్లాస్టిక్ సంచుల్లో పోసిన చల్లటి కాఫీ స్ట్రాలతో తాగుతూ అదే బోర్డు గురించి మాట్లాడుకుంటున్నారు. స్కూలు వ్యాన్ల సంఘానికి అధ్యక్షుడైన విచియన్, ప్రయూన్ కంటే పదేళ్ళు చిన్నవాడు, బొజ్జ మీద సంఘం చొక్కా బిగుతుగా వేసుకుని అందరి తరఫునా తీర్పు చెప్పేశాడు.

"నాకు డెబ్భై ఆరు చూపించింది. నా ముల్లు ఎనభై మీదుంది. చవగ్గా వస్తుందని ఎక్కడో కొనుక్కొచ్చుంటారు. నీకెంత చూపించిందన్నా?"

"డెబ్భై మూడు."

"నీ వ్యాను ముసలిదైందిగా. బోర్డుకి కూడా జాలేసింది."

అందరూ నవ్వారు. ప్రయూన్ కూడా నవ్వాడు. కానీ కాఫీ సగంలోనే వదిలేశాడు. చెడిపోయిన బోర్డయితే అందరికీ ఒకేలా చెడి చూపించాలి కదా అన్న ముక్క ఆయన గొంతులో అడ్డం పడింది.

ఇంకెవరికైనా అయితే ఆ ముక్క మధ్యాహ్నానికి దిగిపోయేది. ప్రయూన్‌కి దిగకపోవడానికి కారణం కన్నికా.

కన్నికా కూడా మొన్నటిదాకా సంఘంలో డ్రైవరే. ముప్ఫై రెండేళ్ళ పిల్ల, సంఘం మొత్తానికి ఒక్కతే ఆడ డ్రైవరు. పిల్లలున్న వ్యాను ఎనభై దాటితే జాబితాలోంచి పేరు కొట్టేస్తామని తల్లిదండ్రుల ముందు సంఘం మాటిచ్చి ఉంది. రెండు నెలల కిందట ఒక సాయంత్రం ప్రయూన్ ఆమె వ్యాను వెనకే వచ్చాడు. వంతెన నుంచి బియ్యం మిల్లు దాకా మధ్యలో ఎడం పెరగకుండా, తరగకుండా వచ్చాడు. అంతసేపూ తన ముల్లు ఎనభై ఎనిమిది మీదే ఉంది. పిల్లలు లేకుండా తన ఖాళీ బండి ఎనభై ఎనిమిదిలో పోతే పోనీ, ముందు బండి నిండా పిల్లలు. మర్నాడు సంఘంలో చెప్పాడు. కన్నికా తన ముల్లు ఎనభై దాటలేదంది. ఇద్దరిలో ఎవరో ఒకరు అబద్ధమాడుతున్నారు. అలాంటప్పుడు ఆ ఊళ్ళో ఏం చేస్తారో అదే చేశారు. ఇద్దర్నీ ఊరి కాపలా దేవుడైన ముత్తాత మందిరానికి తీసుకెళ్ళి, అగరొత్తులు చేతికిచ్చి, అబద్ధమాడినవాళ్ళ ఇంటికి మూడు నెలల్లో కీడు జరగాలని ప్రమాణం చేయించారు. ఇద్దరూ చేశారు. పంతొమ్మిదో రోజున కన్నికా వాళ్ళమ్మ స్నానాల గదిలో పడి తుంటి విరగ్గొట్టుకుంది.

ఇంక ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. కన్నికా పేరు కొట్టేశారు. ఆమె వ్యానులో వెళ్ళే పిల్లల్ని తలా ఇద్దరు ముగ్గురుగా పంచుకున్నారు. పొద్దున ప్రశ్న వేసిన రెండో తరగతి పిల్ల అలా వచ్చిందే.

ఆ సాయంత్రం ప్రయూన్ భార్య లమై కొబ్బరిపాల అట్లు పోసే పెనం తోముతూ సంగతంతా వింది. వింటూనే ఆయన మొహం కూడా చూసింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆ మొహం మీద ఏ మడత దేనికొస్తుందో ఆవిడకి తెలుసు.

"బోర్డుకి నీ మీద కక్షేమిటయ్యా?"

"చెడిపోయిందంటున్నారు."

"అంటున్నారు సరే. నువ్వేమంటున్నావు?"

ప్రయూన్ తాళాల గుత్తి మేకుకి తగిలించాడు.

"మా నాన్న ఆ రోడ్డు మీద కూలిపని చేశాడు," అంది లమై పెనం బోర్లించి. "కిలోమీటరు రాళ్ళు పాతింది ఆయన ముఠాయే. గొలుసు పట్టుకుని రెండేసి సార్లు కొలిచి పాతేవాళ్ళు. రాయికి వైర్లుండవు, చెడిపోవడానికి. గంటకి మూడువేల ఆరువందల సెకన్లు. ఒక రాయి దగ్గర్నుంచి ఇంకో రాయికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, దాంతో భాగించు. నీ వేగమెంతో వచ్చేస్తుంది. దీనికి బోర్డు ఎందుకు, మీటరు ఎందుకు?"

"నీకెలా తెలుసు?"

"చిన్నప్పుడు బస్సులో మా నాన్న పక్కన కూర్చుని ఇదే ఆట ఆడేదాన్ని. నువ్వు నన్నెప్పుడూ అడగలేదు."

బుధవారం మధ్యాహ్నం పన్నెండు దాటాక రోడ్డు ఖాళీగా ఉంటుంది. లమై ముందు సీట్లో కూర్చుని, చేతిలో ఫోను పట్టుకుని, అందులో సెకన్ల గడియారం తెరిచింది. అద్దానికి వేలాడే మల్లెదండ చూపుకి అడ్డమొస్తుందని తీసి ఒళ్ళో పెట్టుకుంది. రాయి తన పక్క తలుపు అంచుకి సరిగ్గా వచ్చినప్పుడు నొక్కుతానని, మళ్ళీ అలాగే వచ్చినప్పుడు ఆపుతానని ముందే చెప్పింది. ప్రయూన్ నలభై ఒకటో రాయికి చాలా ముందే ముల్లుని ఎనభై మీదకి తెచ్చి నిలబెట్టాడు. కాలు కొయ్యలా బిగించాడు.

"ఇదిగో," అంది లమై.

రబ్బరు తోటలు వెనక్కి పోయాయి. ఒక ఇటికల లారీ ఎదురొచ్చి దుమ్ము కొట్టింది. ప్రయూన్ ముల్లు మీంచి చూపు తిప్పలేదు, తిప్పినా రోడ్డు మీదకే తిప్పాడు.

"ఆగింది. నలభై తొమ్మిది."

"సరిగ్గా చూశావా?"

"నేను అట్లమ్ముకునేదాన్ని. ఒక్క సెకను ఎక్కువైతే అడుగు మాడుతుందని తెలుసు నాకు."

వెనక్కి తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ చూశారు. నలభై తొమ్మిది. మూడోసారి యాభై. నాలుగోసారి మళ్ళీ నలభై తొమ్మిది. లమై ఫోనులో లెక్క వేసింది. డెబ్భై మూడు చిల్లర.

బోర్డు చెప్పింది కూడా డెబ్భై మూడే. మిల్లు ముందు పాతిన కొత్త బోర్డూ, మామగారు పాతిన పాత రాళ్ళూ ఒకే మాట చెబుతున్నాయి. వేరే మాట చెబుతున్నది తన ముల్లొక్కటే.

ప్రయూన్ ఐదోసారి బండి తిప్పాడు. ఈసారి ముల్లు ఎనభై దగ్గర ఆగలేదు.

"ఎందుకు పెంచుతున్నావు?" అంది లమై.

"నువ్వు రాయి చూడు."

ముల్లుని ఎనభై ఎనిమిది మీద నిలబెట్టాడు. ఆ అంకె మీద అది నిలబడడం ఆయనకి బాగా గుర్తు. ఆ సాయంత్రం వంతెన నుంచి మిల్లు దాకా అలాగే నిలబడింది.

"నలభై ఐదు," అంది లమై. మూడువేల ఆరువందల్ని నలభై ఐదుతో భాగించడానికి ఫోను అక్కర్లేదు. అయినా ఆవిడ భాగించి చూసింది. చూసి, ఫోను మొగుడి వైపు తిప్పింది.

ఎనభై. అటూ ఇటూ చిల్లర కూడా లేదు.

ప్రయూన్ బండి పక్కకి తీసి ఆపాడు. ఇంజను ఆపడం మర్చిపోయాడు. స్టీరింగు మీద రెండు చేతులూ అలాగే ఉన్నాయి. తను అబద్ధం చెప్పలేదు. కళ్ళతో చూసిందే చెప్పాడు, అగరొత్తులు పట్టుకుని చెప్పాడు. కన్నికా కూడా నిజమే చెప్పింది. ఒకే రోజున, ఒకే మందిరంలో, పక్కపక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఇద్దరూ నిజమే చెప్పారు.

"మరి వాళ్ళమ్మ కాలు?" అన్నాడు.

లమై దండ మళ్ళీ అద్దానికి తగిలించింది. "ఇన్నాళ్ళూ నేనూ నమ్మాను," అంది. "ఆసుపత్రికి వెళ్ళి చూసొచ్చినప్పుడు కూడా మనసులో, ఎందుకు అబద్ధమాడిందో ఈ పిల్ల అనుకున్నాను. చారు పట్టుకెళ్ళి ఇచ్చి మరీ అనుకున్నాను."

గురువారం పొద్దున పిల్లల్ని దింపి, సీట్ల కింద తడిమి, నేరుగా టైర్ల కొట్టుకి వెళ్ళాడు. కొట్టు యజమాని హెంగ్ ఒక చక్రం మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. లేవకుండానే వ్యాను టైరు వైపు చూసి, దాని పక్కన రాసి ఉన్న అంకెలు వేలితో తుడిచి చదివాడు.

"ఇది నీ బండి సైజు కాదు బాబాయ్. ఒక మెట్టు చిన్నది. కిందటేడు ఇవే దొరికాయని వేయించుకున్నావు. పైగా అరిగి గుండు కొట్టేశాయి."

"చిన్నదైతే ఏమవుతుంది?"

"మీటరు రోడ్డుని చూడదు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకుంటుంది. చిన్న చక్రం అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరుగుతుంది. అప్పుడు ముల్లు ఎక్కువ చూపిస్తుంది. అసలు కంపెనీ వాడే కాస్త ఎక్కువ చూపించేలా పెట్టి పంపుతాడు. తక్కువ చూపిస్తే వాడి పీక మీదకొస్తుంది, ఎక్కువ చూపిస్తే ఎవడడుగుతాడు? వాడు పెట్టిన తేడా సగం, నీ టైర్లు తెచ్చిన తేడా సగం. నీ ముల్లుకి గొప్పలు చెప్పుకునే జబ్బుంది."

ప్రయూన్ తన టైరు వైపే చూస్తున్నాడు. "కన్నికా బండికి?"

"ఆ అమ్మాయికి నేనే వేశాను. వానల్లో వాళ్ళ సందులో నీళ్ళు నిలుస్తాయని పెద్ద టైర్లు అడిగింది. వాటితో కంపెనీ వాడి తేడా సరిపోయుంటుంది. ఇవాళ ఊరు మొత్తం మీద నిజం చెప్పే ముల్లంటూ ఉంటే అది ఆ బండిలోదే అయ్యుంటుంది." అంటూండగానే హెంగ్‌కి అసలు సంగతి తట్టింది. చేతిలో పట్టుకారు కింద పెట్టేశాడు. "బాబాయ్, ఆ రోజు నువ్వు వెనకాలే వెళ్ళి చూసిన ముల్లు ఇదేనా?"

"ఇదే."

ఎప్పుడూ ఏదో ఒకటి వాగే హెంగ్ మళ్ళీ పట్టుకారు తీసుకోవడం కూడా మర్చిపోయాడు.

అక్కణ్ణుంచి ప్రయూన్ ముత్తాత మందిరానికి వెళ్ళాడు. ఉడకబెట్టిన గుడ్లూ, ఎర్ర సోడా, టపాకాయల దండా తీసుకెళ్ళాడు. ప్రమాణం వెనక్కి తీసుకోవాలంటే ఇవి పెట్టి, మందిరం చూసుకునే ముసలాయన చేత చెప్పించుకోవాలి. ముసలాయన చాపమీద కునుకు తీస్తున్నవాడు లేచి, పళ్ళెం అందుకున్నాడు.

"ఏం అబద్ధం చెప్పావు?"

"అబద్ధం చెప్పలేదు."

"మరి?"

"నా ముల్లు ఎనభై ఎనిమిది మీద ఉందని చెప్పాను."

"లేదా?"

"ఉంది."

ముసలాయన గుడ్ల వంకా ప్రయూన్ వంకా మార్చి మార్చి చూశాడు. "ఉన్నదాన్ని ఉందన్నావు. ఇంక వెనక్కి తీసుకోవడానికి ఏముంది? ఇలాంటిదాన్ని ఏ మాటలు చదివి తియ్యాలో నాకు తెలీదు నాయనా. ఇది ముత్తాతకి చెప్పాల్సింది కాదేమో. ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పు. గుడ్లు పట్టుకుపో."

కన్నికా ఇంటి ముందు వ్యాను వెనక తలుపులు తెరిచి ఉన్నాయి. సీట్లు పీకేసి ఉన్నాయి. పిల్లలు కూర్చునే చోట క్యాబేజీ బుట్టలు. ఇప్పుడు ఆ పిల్ల తెల్లవారుజామున కూరలు తోలుతోంది. ప్రయూన్‌ని చూసి బుట్ట కిందపెట్టి, రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టింది. పెద్దవాళ్ళకి పెట్టాల్సిన నమస్కారం కాబట్టి పెట్టింది. మొహంలో మాత్రం ఏమీ లేదు.

ఆయన నిలబడే చెప్పాడు. బోర్డు, రాళ్ళు, నలభై ఐదు సెకన్లు, టైర్లు, వరసగా చెప్పాడు. చివర్లో, "నేను చూసిందే చెప్పానమ్మా," అన్నాడు.

"నేను కూడా చూసిందే చెప్పాను బాబాయ్. మీరు చూసింది ముల్లునే, నేను చూసిందీ ముల్లునే. ఊరు మీ ముల్లుని నమ్మింది."

"తప్పయిపోయింది."

"నాకు చెప్తే ఏం లాభం? నేను అబద్ధమాడలేదని నాకు మొదట్నుంచీ తెలుసు." బుట్ట ఎత్తి లోపల పడేసింది. క్యాబేజీ ఒకటి దొర్లి ఆయన కాళ్ళ దగ్గరకొచ్చింది. "మా అమ్మకి చెప్పండి. నేను పెడితే తినదు. పక్కింటావిడ వచ్చి పెట్టాలి. పనికెళ్ళి ఎప్పుడొచ్చినా 'తిన్నావా' అని అడిగేది. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఒక్కరోజు మానలేదు. పడిన రోజు నుంచి అడగలేదు. నా వల్లే కాలు విరిగిందని నమ్ముతోంది. ఒక్కోసారి నాకే అనుమానమొచ్చేది బాబాయ్, ఒక్క క్షణం ముల్లు దాటిందేమో నేను చూడలేదేమో అని."

ఆ చివరి మాట ప్రయూన్‌కి మిగతా అన్నిటికంటే గట్టిగా తగిలింది.

లోపల మంచం మీద కన్నికా తల్లి చువా గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. "చువా అక్కా," అంటూ ప్రయూన్ మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ అంతా చెప్పాడు. ఆవిడ గోడ మీంచి చూపు తిప్పలేదు.

"నువ్వు మంచివాడివి కాబట్టి దాన్ని కాపాడడానికొచ్చావు," అంది చివరికి. "నా కాలు విరిగిందిగా తమ్ముడూ. ఇంకేం సాక్ష్యం కావాలి?"

శుక్రవారం విచియన్ సంఘం గదిలో ఫ్యాను కింద కూర్చుని ఉండగా ప్రయూన్ వెళ్ళి తన వ్యాను తాళాలు బల్ల మీద పెట్టాడు.

"ఇదేంటన్నా?"

"కన్నికాని మళ్ళీ జాబితాలో వెయ్యి. నా పేరు కొట్టెయ్."

విచియన్ కథంతా విన్నాడు. వింటూ వింటూ చొక్కా పై గుండీ తీసుకున్నాడు. "అన్నా, అయిపోయిందాన్ని ఎందుకు కెలుకుతావు? ఇద్దరూ ప్రమాణం చేశారు, ముత్తాత తేల్చాడు. ఇప్పుడు మనం వెళ్ళి మా ముళ్ళన్నీ తప్పు అంటే తల్లిదండ్రులు ఊరుకుంటారా? ఇన్నాళ్ళూ ఎంత వేగంతో తోలారో మీకే తెలీదా అని అడుగుతారు."

"అడగనీ. తెలీదుగా మనకి."

"నువ్వు అనుకుంటున్నంత తేడా ఏమీ ఉండదు. ఏదో నీ బండి ఒక్కటీ..."

"నీకు బోర్డు మీద డెబ్భై ఆరు పడింది."

విచియన్ ఫ్యాను వైపు చూశాడు.

"రేపు శనివారం," అన్నాడు ప్రయూన్. "బడి లేదు. తొమ్మిది బండ్లూ తీసుకురా. కన్నికాని ముందు పెడదాం. ఆ రోజు నేను ఎలా వెంట వెళ్ళానో అందరూ అలాగే వెళ్దాం. ఆ తర్వాత కూడా ముత్తాతే తేల్చాడంటే తాళాలు నీ దగ్గరే ఉంచుకో."

శనివారం పొద్దున వంతెన అవతల ఎనిమిది వ్యాన్లు వరసగా ఆగాయి. తొమ్మిదోది కన్నికాది. ఎనిమిదింటికి వస్తానన్న పిల్ల ఎనిమిదింపావుకి కూడా రాలేదు. రాదేమో అనుకున్నారు. తర్వాత క్యాబేజీ వాసనతో వ్యాను వచ్చింది. ఎవరితోనూ మాట్లాడకుండా నేరుగా వరస ముందుకెళ్ళి ఆగింది. లమై ఫోను పట్టుకుని దాంట్లో ఎక్కింది. అన్ని బండ్లలోనూ రేడియోలున్నాయి. పొద్దున్నే ఏ పిల్ల రావట్లేదో, ఏ మలుపులో నీళ్ళున్నాయో చెప్పుకునే రేడియోలు.

"ముల్లు ఎనభై మీద పెట్టి వదలకమ్మా," అంది రేడియోలో లమై గొంతు. "మిగతావాళ్ళు ముందు బండికి ఎడం పెరక్కుండా, తరక్కుండా రండి. నేను చెప్పినప్పుడు మీ మీ ముల్లు ఎక్కడుందో వరసగా చెప్పండి. అంకె కాస్త కూడా సర్ది చెప్పకండి. ఇదేం పందెం కాదు."

ప్రయూన్ రెండో బండి. ఆ సాయంత్రంలాగే ముందు కన్నికా బండి వెనక దీపాలు, మధ్యలో అదే ఎడం. వంతెన దిగి, తోటలు దాటి, రోడ్డు తిన్నగా అయ్యాక ఆయన మీటరు చూడకుండా కేవలం ముందు బండినే చూస్తూ నడిపాడు. ఎడం కదలడం లేదని నమ్మకం కుదిరాక కిందికి చూశాడు.

"ఇప్పుడు," అంది లమై.

"ఎనభై ఎనిమిది," అన్నాడు ప్రయూన్.

"ఎనభై నాలుగు," అంది విచియన్ గొంతు.

"ఎనభై మూడు."

"ఎనభై ఆరు. అరే, ఎనభై ఆరే."

"ఎనభై నాలుగు."

"ఎనభై రెండు."

"నాది ఎనభై ఐదు."

కొసన ఉన్న బండి వాడు మిగిలాడు. కిందటి నెలే వ్యాను కొత్తగా కొనుక్కుని మురిసిపోతున్నవాడు. నీరసంగా, "ఎనభై నాలుగు," అన్నాడు.

ఒక్క తాడుకి కట్టినట్టు పోతున్న తొమ్మిది బండ్లు, అన్నీ ఒకే వేగం, లోపల ఏడు రకాల అంకెలు.

"నలభై ఒకటో రాయి," అంది లమై. అందరూ అదే ఎడంతో నడిపారు. "నలభై రెండు. నలభై ఐదు సెకన్లు."

భాగించడం అందరికీ వచ్చు.

బియ్యం మిల్లు దగ్గర బోర్డు కన్నికా బండికి ఎనభై అని వెలిగింది. ప్రయూన్ బండికి ఎనభై. అద్దంలో వెనక్కి చూస్తే అంకెలు కనిపించవు. కానీ రేడియోలో ఒక్కొక్కళ్ళూ చెబుతున్నారు, ఎవరూ అడక్కుండానే. ఎనభై. నాకూ ఎనభై. ఎనభై. చివరికి విచియన్ గొంతు వినిపించింది.

"రెండేళ్ళ కిందట ఒకణ్ణి మందలించాను," అన్నాడు. "ఎనభై మూడులో వచ్చాడని. నా ముల్లు చూసి."

మిల్లు ఖాళీ స్థలంలో బండ్లు ఆపుకుని అందరూ దిగారు. ఎవరికి వాళ్ళు తమ తమ టైర్ల వైపు కొత్తగా చూసుకున్నారు, ఇన్నాళ్ళూ తమ ఇంట్లోనే ఉండి తమ మాట వినని మనిషిని చూసినట్టు. విచియన్ కన్నికా దగ్గరకెళ్ళి ఏదో చెప్పబోయాడు. సంఘం తరఫున అన్న రెండు ముక్కల దగ్గరే ఆగిపోయాడు. జేబులోంచి ప్రయూన్ తాళాలు తీసి చేతిలో అటూ ఇటూ తిప్పి, తిరిగి ప్రయూన్‌కే ఇచ్చాడు. ఆ పొద్దున ప్రయూన్ బండి లమై దగ్గరున్న రెండో తాళంతో వచ్చింది.

"సోమవారం నుంచి నీ పిల్లలు నీ బండిలో," అన్నాడు కన్నికాతో.

"సీట్లు బిగించుకోవాలి," అంది కన్నికా. "మంగళవారం నుంచి వస్తాను." అంతకంటే ఏమీ అనలేదు. వాళ్ళని క్షమించానని కూడా అనలేదు. అనాల్సిన అవసరం ఆ పిల్లకి లేదని ప్రయూన్‌కి అనిపించింది.

చువాని చూడడానికి ప్రయూన్, లమై, కన్నికా ముగ్గురే లోపలికి వెళ్ళారు. విచియన్ వస్తానన్నాడు గానీ, గుమ్మం దాకా వచ్చి ధైర్యం చాలక బయట క్యాబేజీ బుట్టల దగ్గర నిలబడిపోయాడు. లమై మంచం పక్కన కూర్చుని చెప్పింది. మీటర్ల గురించీ టైర్ల గురించీ చెప్పలేదు. "మా నాన్న పాతిన రాళ్ళు అక్కా," అంది. "నీకు మా నాన్న తెలుసుగా. గొలుసు పట్టుకుని రెండుసార్లు కొలిచేవాడు. నేనే నా చేత్తో నొక్కాను. నీ కూతురు ఎనభై దాటలేదు. తొమ్మిది బండ్లు చూశాయి. అధ్యక్షుడు బయటే నిలబడున్నాడు, పిలవమంటావా?"

చువా గోడనే చూస్తోంది. గోడ మీద ఒక బల్లి కదిలి మళ్ళీ ఆగింది.

"అయితే నేనెందుకు పడ్డాను?" అంది.

ఇన్నాళ్ళూ ఊరంతా ఆ ప్రశ్నకి ఒకే జవాబు దగ్గర పెట్టుకుని కూర్చుంది. ఆ జవాబు పోయింది. వేరే జవాబు ఉండాలన్న సంగతే ఎవరికీ తట్టలేదు. లమై చేతిలో ఫోను బోర్లించి పెట్టుకుంది.

"సబ్బు నీళ్ళమ్మా," అంది కన్నికా గుమ్మం దగ్గర నిలబడి. "పొద్దున్నే బట్టలుతుక్కుని నేల కడగలేదు నువ్వు. నేను వచ్చేసరికి నురుగు ఇంకా అలాగే ఉంది. ఆ రోజే చెప్పాను. నువ్వు వినలేదు."

చువా మంచం పట్టి మీద చెయ్యి వేసింది. తిరగబోతే తుంటి నొప్పి పుట్టిందేమో, మొహం ముడుచుకుపోయింది. లమై సాయం చేయబోతే వద్దని చెయ్యి ఊపింది. మెల్లగా, కొంచెం కొంచెంగా, తనే గోడ వైపు నుంచి ఇటు తిరిగింది. నెలన్నర తర్వాత కూతురి మొహం చూసింది. చెమటకి అంటుకున్న జుట్టు, మోచేతికి క్యాబేజీ ఆకు ముక్క.

"పొద్దున్నుంచీ తిన్నావా?" అంది.